రక్త రుగ్మతల పరిశోధనకు నిధులు అడగాలంటే ముందు అడిగేవాళ్లు తయారవ్వాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీ పాపకు తొమ్మిదేళ్లు, తలసేమియా మేజర్ (ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగా తయారుకాక ఎప్పుడూ రక్తం ఎక్కించుకోవాల్సి వచ్చే జన్యు జబ్బు). ఉప్పల్, హబ్సిగూడ, తార్నాక చుట్టుపక్కల పన్నెండు కుటుంబాలు కలిసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. ఇన్నాళ్లూ రక్తం కోసం, మందుల కోసం తిరిగారు. ఇప్పుడు "ఈ జబ్బు మీద పరిశోధనకు డబ్బు రావాలంటే మాలాంటి తల్లిదండ్రులు చేయగలిగింది ఏమైనా ఉందా? సైన్స్ తెలియనివాళ్లం, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగారు.

ఉంది. సూటిగా చెబుతాను. ఇప్పుడే డబ్బు అడగడానికి వెళ్లకండి. మీ పన్నెండు ఇళ్లలోంచి ముందు ఐదుగురిని తయారు చేసుకోండి. ఆ ఐదుగురిలో ఎవరు వెళ్లినా ఒకే ప్రశ్న, ఒకే లెక్క, ఒకే కోరిక చెప్పగలగాలి. దానికి దాదాపు ఏడాది పడుతుంది. ఆ ఏడాది పెట్టకుండా వెళ్తే ఒక ఫొటో, ఒక హామీ దొరుకుతాయి. మాకు అవే దొరికాయి.

ఏ అనుభవంతో మాట్లాడుతున్నానో మీకు తెలియాలి కదా. మా అబ్బాయికి పదకొండో నెలలో తలసేమియా అని తేలింది. ఇప్పుడు 26 ఏళ్లు, ఉద్యోగం చేస్తున్నాడు, మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకుంటాడు. నేను ప్రభుత్వ కార్యాలయంలో సెక్షన్ ఆఫీసర్‌గా చేసి రిటైర్ అయ్యాను. ఫైలు ఎలా పుడుతుందో, ఏ బల్ల మీద ఆగిపోతుందో ముప్పై ఏళ్లు చూశాను. తల్లిదండ్రుల సంఘంలో పనిచేయడం మొదలుపెట్టి పందొమ్మిదేళ్లయింది.

మొదటిసారి మేం ఏం చేశామంటే, బస్సు మాట్లాడుకుని ముప్పై మంది పిల్లల్ని ఎక్కించుకుని ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాం. పిల్లల్ని చూసి ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అది నిజమైన బాధే. పళ్లు పంచారు. "ఏం కావాలో చెప్పండమ్మా" అన్నారు. మేం ఒకరి మాట మీద ఒకరం పడిపోయాం. ఒకరు మందులన్నారు, ఒకరు బస్ పాస్ అన్నారు, ఇంకొకరు బోన్ మ్యారో ట్రాన్స్‌ప్లాంట్ (ఎముక మజ్జ మార్పిడి) అన్నారు, నేను పరిశోధన అన్నాను. పక్కనున్న పీఏ "అన్నీ రాసివ్వండి" అన్నాడు. మా చేతిలో కాగితం లేదు. ఇంటికొచ్చేసరికి ఇద్దరు పిల్లలకు జ్వరం. ఆ తర్వాత మళ్లీ పిల్లల్ని ఎక్కడికీ తీసుకెళ్లలేదు. మీరూ తీసుకెళ్లకండి. రక్తం ఎక్కించే రోజు దగ్గరపడేకొద్దీ వాళ్లు ఎంత నీరసంగా ఉంటారో మీకు తెలుసు.

ఆ రోజు చేసిన అసలు తప్పు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. చికిత్స డబ్బు, పరిశోధన డబ్బు ఒకటే అనుకున్నాం. ఈ రెండింటికీ తలుపులు వేరు, కాగితాలు వేరు. రక్తం, పదేపదే రక్తం ఎక్కించడం వల్ల ఒంట్లో పేరుకునే ఐరన్‌ను తగ్గించే మందులు, ట్రాన్స్‌ప్లాంట్ ఖర్చు లాంటివి రాష్ట్ర ఆరోగ్య శాఖ, ఆరోగ్యశ్రీ, నేషనల్ హెల్త్ మిషన్ వైపు అడగాలి. ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకునే తలసేమియా పిల్లలకు రూ. 10 లక్షల వరకు ఇచ్చే తలసేమియా బాల్ సేవా యోజన కూడా ఉంది. అది కోల్ ఇండియా సీఎస్ఆర్ (కంపెనీలు సామాజిక పనులకు పెట్టే) డబ్బుతో 2017లో మొదలైంది. ఇదంతా చికిత్స డబ్బు. పరిశోధన డబ్బు ఎక్కువగా కేంద్రం నుంచి వస్తుంది. ఆరోగ్య పరిశోధన విభాగం కింద ఉన్న ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), బయోటెక్నాలజీ విభాగం, సీఎస్ఐఆర్ (శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి), 2023లో చట్టం చేసి తెచ్చిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్, ఇవీ ఆ తలుపులు.

ఆ డబ్బు మీకూ నాకూ రాదు, మన సంఘాలకీ రాదు. శాస్త్రవేత్తో డాక్టరో ప్రతిపాదన రాస్తారు, కమిటీ చూస్తుంది, మంజూరైతే ఆ సంస్థ ఖాతాలో పడుతుంది. కాబట్టి తల్లిదండ్రులు చేయగలిగినవి రెండు. మన జబ్బులకు కేటాయించే మొత్తం పెరిగేలా పైన అడగడం ఒకటి. మన ఊరి నుంచి వెళ్లే ప్రతిపాదన బలంగా ఉండేలా కింద సాయపడటం రెండోది. చాలామందికి మొదటిదే కనిపిస్తుంది. నా అనుభవంలో రెండోది త్వరగా ఫలితమిచ్చింది. దాని గురించి కింద రాస్తాను.

అడగడం వల్ల నిజంగా తేడా వస్తుందా అని మీకు అనుమానం ఉండొచ్చు. అమెరికా సంగతి చూడండి. అక్కడ సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే జన్యు జబ్బు) ఉన్నవాళ్లు సుమారు లక్షమంది. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే ఊపిరితిత్తుల జన్యు జబ్బు ఉన్నవాళ్లు 40 వేల లోపే. కానీ 2020లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం ఒక్కో రోగి లెక్కన ప్రభుత్వ పరిశోధన డబ్బు రెండో జబ్బుకే మూడు రెట్లకు పైగా వెళ్లింది. స్వచ్ఛంద ఫౌండేషన్ల డబ్బులో తేడా డెబ్బై రెట్లు దాటింది. సిస్టిక్ ఫైబ్రోసిస్‌కు 1955 నుంచి ఒక గట్టి ఫౌండేషన్ ఉంది. వాళ్లు మందుల కంపెనీ పరిశోధనలో డబ్బు పెట్టారు, 2012లో మందు వచ్చింది, 2014లో ఆ రాయల్టీ హక్కుల్ని 330 కోట్ల డాలర్లకు అమ్మి మళ్లీ పరిశోధనకే మళ్లించారు. అక్కడ సికిల్ సెల్ ఎక్కువగా నల్లజాతి కుటుంబాల్లో ఉంది. పెద్ద ఆఫీసుల్లో వాళ్ల గొంతు వినేవాళ్లు తక్కువ. ఇది చదివినప్పుడు నాకు ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు సికిల్ సెల్ ఉన్న గోండు, కోలాం గిరిజనుల ఇళ్లే కళ్లముందు మెదిలాయి.

ఇంకో కారణం కూడా ఉంది, తల్లిగా నాకు ఇదే పెద్దది. సికిల్ సెల్, తలసేమియాలకు జన్యువును సరిచేసే చికిత్స క్యాస్‌జెవీ అమెరికాలో వచ్చేసింది. సికిల్ సెల్‌కు 2023 డిసెంబరులో, తలసేమియాకు 2024 జనవరిలో అనుమతి ఇచ్చారు. ధర 22 లక్షల డాలర్లు. మన డబ్బులో 18 కోట్ల పైమాటే. అది దిగుమతి అయ్యేదాకా కూర్చుంటే మన పిల్లల జీవితకాలంలో మనకు అందదు. ఇక్కడే తయారైతేనే అందే ధరకు వస్తుంది. అది సాధ్యమే. వెల్లూరు సీఎంసీ డాక్టర్లు తీవ్రమైన హీమోఫీలియా-ఎ (రక్తం సరిగా గడ్డకట్టని జన్యు జబ్బు) ఉన్న ఐదుగురికి జన్యు చికిత్స చేసిన ఫలితాలు 2024 డిసెంబరులో ప్రపంచంలో పేరున్న వైద్య పత్రికలో వచ్చాయి. ఆ పని వెనక కేంద్ర బయోటెక్నాలజీ విభాగం డబ్బు ఉంది. ఢిల్లీలోని సీఎస్ఐఆర్ సంస్థ ఐజీఐబీ శాస్త్రవేత్తలు సికిల్ సెల్ మీద క్రిస్పర్ అనే జన్యువును సరిచేసే పద్ధతితో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నారు. "పరిశోధన అంటే ఎప్పుడో వచ్చేది, ముందు రక్తం సంగతి చూడండి" అని మీ గ్రూపులో ఎవరైనా అంటే ఈ రెండు విషయాలూ చెప్పండి. రక్తం పని ఆపమని కాదు. ఆ ఐదుగురు కాక మిగతావాళ్లను ఆ పనిలోనే ఉండనివ్వండి.

ఇక క్యాలెండర్. ఏప్రిల్ 17 హీమోఫీలియా దినం, మే 8 తలసేమియా దినం, జూన్ 19 సికిల్ సెల్ దినం. మన ర్యాలీలు, మన పేపర్ వార్తలు అన్నీ ఈ రెండు నెలల్లోనే. అప్పటికి కేంద్ర బడ్జెట్ వచ్చేసి ఉంటుంది. రాష్ట్ర బడ్జెట్ కూడా మామూలుగా అయిపోయి ఉంటుంది. అంటే ఆ ఏడాది డబ్బు పంచేసిన తర్వాత మనం గొంతెత్తుతున్నాం. నేను ఆఫీసులో ఉండి కూడా ఈ ముక్క గ్రహించడానికి ఆరేళ్లు పట్టింది.

కేంద్ర ఆర్థిక శాఖ నుంచి బడ్జెట్ సర్క్యులర్ మామూలుగా ఆగస్టు, సెప్టెంబరు ప్రాంతంలో వస్తుంది. ఆ తర్వాత ప్రతి విభాగం తన అంచనాలు తయారు చేసుకుంటుంది. అక్టోబరు నుంచి ఆర్థిక శాఖతో చర్చలు జరుగుతాయి. మీ కాగితం ఆ విభాగంలో ఉండాల్సిన సమయం ఇదే. ఫిబ్రవరి 1 తర్వాత కూడా ఒక కిటికీ ఉంది. ఆరోగ్య శాఖ మీద పార్లమెంటు స్థాయీ సంఘం, 31 మంది ఎంపీలతో, ఆ పద్దుల్ని పరిశీలించి నివేదిక ఇస్తుంది. ఆరోగ్య పరిశోధన విభాగానికి పద్దు వేరుగా ఉంటుంది, దాని మీద నివేదిక కూడా వేరుగా వస్తుంది. ఆ సంఘంలో తెలుగు ఎంపీ ఎవరైనా ఉంటే ముందు వాళ్లనే కలవండి. మామూలు ఎంపీ దగ్గర పది నిమిషాలు మాట్లాడే బదులు అక్కడ మూడు నిమిషాలు మాట్లాడటం మేలు.

పార్లమెంటు ప్రశ్న మరో మార్గం. లోక్‌సభలో రోజుకు 20 స్టార్ ప్రశ్నలకు మంత్రి సభలో జవాబు చెబుతారు. 230 ప్రశ్నలకు రాతపూర్వక జవాబు ఇస్తారు. నోటీసు కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి, ఎంపిక లాటరీలో జరుగుతుంది. అందుకే ఇద్దరు ముగ్గురు ఎంపీలకు ఇవ్వాలి. మేం ఇచ్చిన ప్రశ్న మూడో ప్రయత్నంలో రాతపూర్వక జవాబుకు ఎంపికైంది. జవాబులో సగం "ప్రజారోగ్యం రాష్ట్రాల అంశం" అనే మాటే. మా గ్రూపులో అందరూ నీరసపడ్డారు. నాకు మాత్రం అది పనికొచ్చే కాగితంగానే కనిపించింది. మనం ప్రశ్నలో చికిత్స, పరిశోధన కలిపి అడిగాం కాబట్టి వాళ్లు తేలికైన సగానికి జవాబిచ్చి మిగతాది వదిలేశారు. తర్వాతి సెషన్‌కు పరిశోధన ఒక్కటే అడిగాం. గత ఐదేళ్లలో తలసేమియా, సికిల్ సెల్, హీమోఫీలియా మీద ఎన్ని ప్రాజెక్టులు మంజూరయ్యాయి, ఏ సంస్థకు ఎంత, అందులో తెలంగాణ, ఆంధ్ర సంస్థలు ఎన్ని. ఇవే ప్రశ్నలు సమాచార హక్కు చట్టం కింద కూడా వేయవచ్చు. రూ. 10 ఫీజు, 30 రోజుల గడువు. ఆన్‌లైన్‌లో ఇంట్లో కూర్చుని వేయొచ్చు. మీ ఐదుగురి మొదటి హోంవర్క్ ఇదే అనుకోండి. ఆ జవాబు చేతికొచ్చాక ఎవరి దగ్గరికి వెళ్లినా "తక్కువ ఇస్తున్నారు" అనే మాట పోయి "ఇంత ఇస్తున్నారు, ఇంత కావాలి" అనే మాట వస్తుంది.

ఇప్పుడు రెండో పని, అంటే ప్రతిపాదనకు బలం ఇవ్వడం. ఇందులో మీకున్న అదృష్టం చూడండి. జీవకణాల మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థ సీసీఎంబీ మీ హబ్సిగూడలోనే ఉంది. డీఎన్‌ఏ పరీక్షల కేంద్రం సీడీఎఫ్‌డీ మీ ఉప్పల్‌లో ఉంది. నిమ్స్ ఆసుపత్రితో కలిపి దాన్ని అరుదైన వ్యాధుల జాతీయ కేంద్రాల్లో ఒకటిగా గుర్తించారు. శివరాంపల్లిలో తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ 1998 నుంచి పనిచేస్తోంది. ఇంత దగ్గర్లో ఇన్ని ఉన్న ఊరు దేశంలో అరుదు. శాస్త్రవేత్తకు కావాల్సింది నమ్మకంగా పరీక్షలకు వచ్చే కుటుంబాలు, ఏళ్ల తరబడి రాసిన వివరాలు. అవి మన దగ్గరే ఉన్నాయి, చిత్తు కాగితాల్లో.

ప్రతి ఇంట్లో ఒక నోటుబుక్కు పెట్టించండి. రక్తం ఎక్కించిన తేదీ, దానికి ముందు హిమోగ్లోబిన్, ఎన్ని ఎంఎల్, రియాక్షన్ వచ్చిందా, మూడు నెలలకోసారి ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ ఎంత పేరుకుందో చెప్పే రక్తపరీక్ష), ఏ మందు ఎంత మోతాదు, ఎన్ని రోజులు మానేశారు, ఆ రోజు ఎవరి కూలి పోయింది, ఎంత ఖర్చయింది. చివరి రెండూ ఆసుపత్రి రికార్డులో ఉండవు, కానీ ఎంపీ దగ్గర అవే పనిచేస్తాయి. మేం 140 కుటుంబాలతో నాలుగేళ్లు రాయించాం. ఒక డాక్టరుగారు ప్రతిపాదన రాస్తున్నప్పుడు మా పుస్తకాలు చూసి "మీరు ముందే ఉంటే నాకు రెండేళ్లు కలిసొచ్చేవి" అన్నారు. ఆ ప్రాజెక్టుకు డబ్బు వచ్చింది. మా వల్లే వచ్చిందని చెప్పను, మా పుస్తకాలు మాత్రం అందులో ఉన్నాయి.

ఇక్కడే మేం చేసిన పెద్ద తప్పు చెప్పాలి. ఆ వివరాలన్నీ పేర్లు, ఫోన్ నంబర్లతో ఒక ఎక్సెల్ ఫైల్లో పెట్టి గ్రూపులో అందరికీ పంపాం. అది చేతులు మారింది. తలసేమియా క్యారియర్ అయిన ఒక అమ్మాయి పెళ్లి సంబంధం దాని వల్ల ఆగిపోయింది. క్యారియర్ అంటే ఆ జన్యువు ఒంట్లో ఉండటమే, జబ్బు కాదు, ఆ అమ్మాయి పూర్తి ఆరోగ్యంగా ఉంది. అయినా ఆ మాట ఊళ్లో తిరిగింది. వాళ్ల నాన్నగారి ముందు తలెత్తి నిలబడలేకపోయాను. ఇప్పటికీ ఆ వీధిలోకి వెళ్లాలంటే నాకు బాధగా ఉంటుంది. కాబట్టి పేర్లు ఒక చోట, వివరాలు నంబరు కోడ్‌తో వేరే చోట. పేర్ల పుస్తకం ఒక్కరి దగ్గరే. ప్రతి కుటుంబం దగ్గర తెలుగులో రాసిన ఒప్పుకోలు కాగితం మీద సంతకం. ఏ పరిశోధనకైనా ఆ సంస్థ ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో పాల్గొనేవాళ్లకు అన్యాయం జరగకుండా చూసే కమిటీ) అనుమతి కాగితం చూడకుండా ఒక్క వివరం ఇవ్వకండి.

ఐదుగురిని ఎలా తయారు చేయాలంటే, మేం ఆదివారం ఉదయం చిక్కడపల్లిలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కూర్చునేవాళ్లం. ఒకరు ఎంపీ, ఒకరు పీఏ, మిగతావాళ్లు వచ్చినవాళ్లు. మూడు నిమిషాలు గడియారం పెట్టి మాట్లాడాలి. పీఏగా ఉన్నవాళ్లు మధ్యలో ఫోన్ మాట్లాడతారు, లేచి వెళ్తారు, "ఇది మా పరిధి కాదు" అంటారు. అయినా తడబడకుండా చివరి కోరిక చెప్పి కాగితం చేతిలో పెట్టి రావాలి. మొదటి నెల అందరూ ఏడ్చేసేవాళ్లు. ఏడవనిచ్చాం, అది లోపల ఉన్నదే కదా. మూడో నెలకు మాట నిలబడింది. అందరికంటే బాగా చెప్పింది టైలరింగ్ చేసుకునే ఒకావిడ, ఏడో తరగతి చదువు. "మా బాబు పుస్తకంలో పదేళ్ల లెక్క ఉంది సార్. ఫెర్రిటిన్ ఎప్పుడు పెరిగిందో, ఆ నెల మందు ఎందుకు మానేశామో రాసి ఉంది. ఈ మందు పిల్లలకు కడుపులో తిప్పకుండా ఎలా ఇవ్వాలో ఎవరైనా కనిపెట్టాలి" అనేది. అంతే. అది పరిశోధన ప్రశ్న. దాన్ని ఏ సైంటిస్టు కూడా తోసిపుచ్చలేదు.

అందుకే మీ "సైన్స్ తెలియదు" అనే టెన్షన్ పక్కన పెట్టమంటాను. బ్రిటన్‌లో 2004 నుంచి జేమ్స్ లిండ్ అలయన్స్ పద్ధతి అని ఒకటి ఉంది. రోగులు, వాళ్లను చూసుకునేవాళ్లు, డాక్టర్లు ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఇంకా జవాబు దొరకని ప్రశ్నల్లో ముఖ్యమైన పది ఏరుతారు. మీరూ మీ పన్నెండు ఇళ్లలో ఇదే చేయండి. ప్రతి ఇల్లూ రెండు ప్రశ్నలు రాయాలి. ఇరవై నాలుగులోంచి ఒకటి ఎంచుకోండి. ఆ ఒక్కటే ఏడాదంతా అడగండి. ఏటా ప్రశ్న మారిస్తే ఫైలు ముందుకు కదలదు.

ఇంకో దారి తక్కువమందికి తెలుసు. మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ నియమాల (2019) ప్రకారం ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి. వాళ్లలో ఒకరు సామాన్య పౌరులు అయి ఉండాలి. డాక్టరు కాని మనిషి అన్నమాట. మీలో ఓపికగా చదివే అలవాటు ఉన్నవాళ్లు ఎవరైనా ఆ స్థానానికి ప్రయత్నించాలి. నేను ఒక కమిటీలో మూడేళ్లు కూర్చున్నాను. పరిశోధన ఎలా ఆలోచిస్తుందో అక్కడ నేర్చుకున్నంత ఇంకెక్కడా నేర్చుకోలేదు.

కంపెనీల సంగతి. లాభాలున్న పెద్ద కంపెనీలు ఆ లాభంలో 2 శాతం సీఎస్ఆర్‌కు పెట్టాలి. మనం వెళ్తే అంబులెన్స్, రక్తదాన శిబిరం అంటారు. కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో ప్రభుత్వ పరిశోధన సంస్థలకు, ఐసీఎంఆర్, సీఎస్ఐఆర్, బయోటెక్నాలజీ విభాగం కింద ఉన్నవాటికి ఇచ్చే డబ్బు కూడా సీఎస్ఆర్‌గానే లెక్కవుతుందని స్పష్టంగా ఉంది. హైటెక్ సిటీలో చాలామంది సీఎస్ఆర్ మేనేజర్లు ఆ సంగతి పట్టించుకోరు. ఆ పేజీ ప్రింటు తీసి పట్టుకెళ్లండి. డబ్బు మీ సంఘం ద్వారా వెళ్లాలని పట్టుబట్టకండి, నేరుగా సంస్థకే వెళ్లనివ్వండి. మీ మీద నమ్మకం పెరుగుతుంది. మందుల కంపెనీ మీ మీటింగుకు భోజనాలు పెడతానంటే మాత్రం వద్దనండి. రేపు ఆ కంపెనీ మందు గురించి మీరు మంచి చెప్పినా చెడు చెప్పినా ఎవరూ నమ్మరు.

ఒంటరిగా వెళ్లకండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ మూడూ కలిపి చేర్చారు. అంతకుముందు చట్టంలో ఉన్న ఏడు రకాల వైకల్యాలు 21 అయ్యాయి. ఆ జాబితాలో మూడూ పక్కపక్కన ఉండటం మనకు బలం. హీమోఫీలియా వాళ్లకు 1983 నుంచి దేశవ్యాప్త ఫెడరేషన్ ఉంది, వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది. సికిల్ సెల్‌కు 2023 జులై 1న జాతీయ మిషన్ వచ్చింది. 7 కోట్ల మందికి పరీక్షలు చేసి, 2047 నాటికి ఆ జబ్బు ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలన్నది దాని లక్ష్యం. కానీ పరీక్షలో జబ్బు బయటపడ్డ పిల్లాడి తల్లి ఉట్నూరు నుంచి హైదరాబాద్ వచ్చి మాట్లాడలేదు. మీ ఐదుగురిలో ఒక కుర్చీ ఆమె కోసం ఉంచండి. బస్సు ఖర్చు, ఆ రోజు కూలి గ్రూపు పెట్టుకోవాలి. గోండీ నుంచి తెలుగులోకి చెప్పే మనిషిని కూడా చూసుకోండి. మేం ఇది ఆలస్యంగా చేశాం.

ఒక్క మాట జాగ్రత్తగా చెబుతున్నాను అమ్మా. గ్రూపులో ఎవరూ "మందు వచ్చేస్తోంది, ఇంకో రెండేళ్లు" అని పిల్లల ముందు అనకుండా చూడండి. మా అబ్బాయి పన్నెండో ఏట అలాంటి మాట విని ఐరన్ మందు మానేశాడు, ఎలాగూ నయమైపోతుంది కదా అని. ఏడు నెలలు నాకు తెలియలేదు. ఫెర్రిటిన్ రిపోర్టు చూశాకే తెలిసింది.

ఇప్పుడు జూన్. ఆగస్టు నాటికి మీ చేతిలో రెండు పేజీల కాగితం ఉండాలంటే జులై రెండో ఆదివారానికల్లా ఒకసారి కూర్చోవాలి. ఆ రోజు చేయాల్సినవి మూడే. ఇరవై నాలుగు ప్రశ్నల్లోంచి ఒకటి ఎంచుకోవడం, ఐసీఎంఆర్‌కు సమాచార హక్కు దరఖాస్తు పంపడం, ప్రతి ఇంటికీ ఒక 200 పేజీల లాంగ్ నోటుబుక్కు ఇవ్వడం. కాగితం రాశాక ఇక్కడ పెట్టండి, పేర్లు తీసేసి. నేను చదివి ఎక్కడ పొడుగైందో చెబుతాను.